పెరగకూడని స్ఫటికం

పోయిన వారం బుల్లిని చల్లగదిలో, సూక్ష్మదర్శిని ముందు, ఊపిరి బిగబట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. కథలోకి ఇప్పుడే అడుగుపెడుతున్నవాళ్ళ కోసం, ఆమె ఆ గదిలోకి ఎందుకు వచ్చిందో నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

బుల్లి అక్కకి నిద్రజబ్బు. మధ్యాహ్నం కునుకులుగా మొదలై, ఇప్పుడు రోజంతా నిద్రే అయింది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు కళ్ళు తెరుస్తుంది. ఆ కాసేపట్లో నాలుగు గుటకల పాలు తాగి, కలలో చూసినవేవో చెప్పి, మాట మధ్యలోనే మళ్ళీ జారిపోతుంది. మెదడు కణాల్లో రెండు ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని విడిపోకపోవడమే ఈ జబ్బుకు మూలమని ప్రయోగశాల నమ్మకం. వాటి మధ్య దూరి విడదీసే చిన్న అణువును కట్టినవాడు ఎవరో కాదు, అక్క మొగుడే. అణువులు కట్టడం బావ పని. ప్రోటీన్లను స్ఫటికాలుగా పెంచి, ఎక్స్-కిరణాల ముందు పెట్టి, లోపల ఏది ఎక్కడ కూర్చుందో బొమ్మ తీయడం బుల్లి పని. ఆ బొమ్మ చూపిస్తే మందుకు అనుమతిచ్చే కమిటీ ఒప్పుకుంటుంది. కమిటీ ఒప్పుకుంటే ఆ మందు మొట్టమొదట తాగేది అక్కే.

బావ ఆమెకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మొదటి ప్రోటీనూ మందూ మాత్రమే కలిపి చుక్కలు పెట్టమన్నాడు, రెండో ప్రోటీనును ఆ పళ్ళెం దరిదాపులకు కూడా రానివ్వద్దన్నాడు. కానీ బుల్లికి ఒక అలవాటుంది. పళ్ళెంలో చివరి వరుసను ఖాళీగా వదలడం ఆమెకు ఇష్టం ఉండదు. అందుకని ముందురోజే, పోలిక చూడటానికి పనికొస్తుందని, తన దగ్గర పాతది మిగిలి ఉన్న రెండో ప్రోటీను ఆ వరుసలో వేసి పెట్టింది. మర్నాడు అక్క గురించి ఆలోచిస్తూ, చుక్కలు వేసే పిపెట్‌ను ఒక వరుస తర్వాత ఒకటి నడిపిస్తూ, ఆ వరుస మీద కూడా నడిపించేసింది. అక్కడ రెండు ప్రోటీన్లూ మందూ మూడూ కలిసిపోయాయి. మందు వాటిని విడదీసేదే అయితే ఆ కలగాపులగంలో ఏదీ పెరగకూడదు.

పళ్ళెం మొత్తంలో ఆ వరుసలోనే పెరిగింది. అక్కడే మనం ఆగాం.

* * *

స్ఫటికం చిన్నది. కంటిరెప్ప వెంట్రుకను ముక్కలు చేస్తే వచ్చే ముక్కంత. కటకాన్ని తిప్పుతున్నకొద్దీ అది నీలం నుంచి గులాబీకి, గులాబీ నుంచి లేత బంగారు రంగుకు మారుతోంది. సబ్బు బుడగ మీద ఎండ జారినట్టుంది. బుల్లి దాన్ని చాలాసేపు చూసింది. ఇంత అందమైన తప్పు ఆమె చేతి మీదుగా ఎప్పుడూ జరగలేదు.

సన్నటి తీగ ఉంగరంతో దాన్ని చుక్కలోంచి ఎత్తింది. ద్రవ నైట్రోజన్‌లో ముంచింది. తెల్లటి పొగ మేజా అంచు దాటి, మెల్లగా నేల మీదకు దిగి, ఆమె చెప్పుల చుట్టూ పరుచుకుంది. ఎక్స్-కిరణాల యంత్రం తన పని తాను చేసుకుంటూ సన్నగా గునుస్తూ ఉంటే, బుల్లి గోడకు జారబడి కూర్చుని, పడుకుందో మేలుకుందో తనకే తెలియనట్టు ఉండిపోయింది. కిటికీ అవతల మబ్బు పట్టిన మధ్యాహ్నం. లోపల కాలం కూడా గడ్డకట్టినట్టే ఉంది.

బొమ్మ వచ్చింది.

తెర మీద నీలి వల ఒకటి మంచులోంచి కొండలు తేలినట్టు తేలింది. ముందు ఒక ప్రోటీను కనిపించింది. ఆ వంపులన్నీ ఆమెకు సొంత వీధి మలుపులంత పరిచయం. దాని పక్కన రెండోది ఉంది. రాకూడనిది, దగ్గరగా వచ్చి ఆనుకుని ఉంది. ఈ రెండు ప్రోటీన్లూ కలిసే చోటు గోడకు గోడ ఆనించినట్టు చదునుగా ఉంటుంది. మామూలు మందులు దూరడానికి అక్కడ గుంట కానీ సందు కానీ ఉండదు. అందుకే బావ ఏళ్ళ తరబడి కూర్చుని, ఆ గోడల మధ్య చీలలా దిగే అణువును చెక్కాడు.

అణువు దిగింది. దాని రెండు ఉంగరాలు మొదటి గోడలోకి పాతుకుని ఉన్నాయి. వంకర తోక రెండో గోడలోకి మేకులా దిగిపోయి ఉంది. గోడలు విడిపోలేదు. ఇదివరకటి కన్నా దగ్గరగా జరిగాయి.

బుల్లి ఆ బొమ్మను అటు తిప్పింది, ఇటు తిప్పింది, తలకిందులుగా చూసింది. ఎలా చూసినా ఒకటే. బావ చెక్కింది చీల కాదు. జిగురు.

* * *

బావ గదిలో గాజు బుడ్డి ఒకటి వేడినీళ్ళలో గిరగిరా తిరుగుతోంది. అందులోని ద్రవం ఆవిరై, పైనున్న చల్లటి గొట్టాల మీద చుక్కలు కట్టి జారుతోంది. దాని ముందు కూర్చున్న మనిషి దేనికీ తొందరపడడు. ఆయన మాట కూడా అలాగే ఉంటుంది, వేడి చేసి చల్లబరచి వడగట్టినట్టు.

"ఏమ్మా, రత్నాల వ్యాపారం ఎలా ఉంది? సరుకు దొరికిందా?" అన్నాడు, తల తిప్పకుండానే.

బుల్లి బొమ్మను ఆయన ముందు పెట్టింది. ఎలా జరిగిందో, ఏ వరుసలో ఏం కలిసిందో చెప్పింది. తిరిగే బుడ్డి వెలుగు ఆయన ముఖం మీద అలలు అలలుగా పోతోంది. ఆయన బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు.

స్ఫటికంలో అణువులు ఇరుక్కుని కూర్చుంటాయనీ, అందులో చూసిన చుట్టరికాలన్నీ నమ్మకూడదనీ, ఈ సంగతి తనకు నేర్పింది బుల్లేననీ గుర్తుచేశాడు. "కిక్కిరిసిన బస్సులో ఎవరి భుజం మీద ఎవరి తలైనా వాలుతుంది. దాన్ని చూసి పెళ్ళి ముహూర్తం పెడతామా?"

ఆ మాటకు ఇంకో రోజైతే ఆమె కూడా నవ్వేది. బావ వాదనలో అబద్ధం లేదు. స్ఫటికాల పనివాళ్ళు ఆ పొరపాటు చేస్తూనే ఉంటారు. అందుకే ఆమె దారిలోనే ఇంకో పరీక్ష ఆలోచించుకుని వచ్చింది. వెలుగు పరీక్షకు వాడిన ప్రోటీన్లు ఇంకా మిగిలి ఉన్నాయా అని అడిగింది.

ఈ వెలుగు పరీక్ష మీదే మందు పేరు నిలబడింది. రెండు ప్రోటీన్లకూ చెరో రంగు గుర్తు తగిలిస్తారు. రెండూ దగ్గరగా ఉంటే పళ్ళెం గడిలో వెలుగు వస్తుంది, దూరమైతే ఆరిపోతుంది. బావ అణువు వేసిన గడుల్లో వెలుగు ఆరిపోయింది. ఆ రోజు ప్రయోగశాలంతా కేరింతలు కొట్టింది. ప్రోటీన్లు విడిపోయాయన్నారు.

"ఆరిపోవడానికి విడిపోవడం ఒక్కటే కారణమా బావా?" అంది బుల్లి. "గుంపులుగా అతుక్కుపోయి, బరువెక్కి, అడుక్కి దిగిపోయినా ఆరిపోతుంది. యంత్రం నీళ్ళ మధ్యలో చూస్తుంది. అడుగు ఎవరు చూశారు?"

బావ బుడ్డి తిప్పుతున్న మీట కట్టేశాడు. ఆ చిన్న శబ్దం ఆగిపోయాక గది ఎంత పెద్దదో తెలిసింది.

రెండు ప్రోటీన్లనూ మందునూ బుల్లి తానే కలిపింది. కొన్ని గొట్టాల్లో మందు లేదు, కొన్నింట్లో తక్కువ, కొన్నింట్లో ఎక్కువ. వాటిని, బరువైనదాన్ని అడుక్కి దించే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి మూత వేసింది. అది గిర్రున తిరుగుతున్నంతసేపూ ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు, స్టేషన్లో రైలు కోసం నిలబడిన బంధువుల్లా. బావ భుజం మీద రసాయనాల వాసన ఉంది, తీపిగా, కాస్త మత్తుగా. అక్క పెళ్ళయిన కొత్తలో ఆ వాసనను ఎగతాళి చేసేది. మా ఆయన ఇంటికొస్తే కొత్త రంగు వేసిన తలుపు ఇంటికొచ్చినట్టుంటుందే అనేది.

యంత్రం ఆగింది. తక్కువ మందు పడిన గొట్టాలు తేటగా ఉన్నాయి. దీపం కింద పెడితే అవి మందు లేనివాటికన్నా బాగా వెలిగాయి కూడా. ఎక్కువ మందు పడిన గొట్టాల అడుగున, చొక్కా గుండీ అంత కూడా లేని తెల్లటి ముద్ద. ఊపితే కదల్లేదు. ఇంకా ఊపింది. కదల్లేదు.

కొంచెం మందు జత కలుపుతుంది. ఎక్కువ మందు గడ్డ కట్టిస్తుంది. ఆ గడ్డ మళ్ళీ కరగదు.

తక్కువ మందు వేసిన గడుల్లో వెలుగు పెరిగి ఉండాలి కదా, మొదటి పరీక్షలో అది ఎవరి కంటా పడలేదా అని బుల్లి అడిగింది. యంత్రం తడబాటు అనుకుని ఆ గడులను లెక్కలోంచి తీసేశామని బావ చెప్పాడు. ఎవరు తీసేశారని అడిగితే, నేనే అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, ఆ మాట ఆమెకు గుచ్చుకోలేదు.

"రేపు కమిటీకి చెప్పేద్దాం," అంది. "ఇంకా నయం, ఎవరూ తాగకముందే బయటపడింది."

బావ కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ, తుడవడం పూర్తయినా తుడుస్తూనే ఉన్నాడు.

"మీ అక్క తాగుతోంది బుల్లీ. పాలల్లో కలిపి ఇస్తున్నాను."

బుల్లి మేజా అంచు పట్టుకుంది. ఎప్పటినుంచి అని అడగబోయి, అడగలేకపోయింది. ఆయనే చెప్పుకుపోయాడు. కమిటీ ఒప్పుకునేదాకా ఆగితే ఈ మనిషి కలలోనే ముసలిదైపోతుందన్నాడు. ఆవలిగట్టున నిలబడి పిలుస్తున్నట్టుందన్నాడు, వినబడుతోందో లేదో తెలియకుండా ఎన్నాళ్ళు పిలవమంటావన్నాడు. చాలా తక్కువే ఇస్తున్నానన్నాడు. మార్పేమీ లేదన్నాడు. అది విడదీయడం లేదన్న సంగతి తనకు ఇప్పుడే, ఈ గొట్టాలు చూశాకే తెలిసిందన్నాడు. చివరి మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇవాళ్టి నుంచి ఇవ్వను. మీ అక్క మీద ఒట్టు. కమిటీకి నేనే చెప్తాను, రేపు పొద్దుటిదాకా ఆగు. అంతే అడుగుతున్నాను."

చిన్నప్పుడు లెక్కలు చెప్పినవాడు, సైకిల్ నేర్పినవాడు, ఈ ఉద్యోగం వేయించినవాడు. బుల్లి సరేనంది.

* * *

ఇంటికి దారి పొడుగునా సన్నటి తుంపర. దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి, ప్రతి దీపం చుట్టూ ఒక మెత్తటి వలయం. కింద కుర్చీలకు రంగులు వేసే దుకాణం, పైన అక్కావాళ్ళ ఇల్లు. మెట్లెక్కుతుంటే వార్నిష్ వాసన కూడా ఆమెతో పాటు ఎక్కింది.

అత్తయ్య, అంటే బావ తల్లి, కోడలి మంచం పక్కన ఊలు ఉండ చుడుతూ ఎవరి మీదో ఫిర్యాదు చేస్తోంది. పగలల్లా ఆవిడ పని అదే. ఈ ఇంట్లో తన మాటకు ఎదురు చెప్పకుండా వినేది ఈ పిల్ల ఒక్కతేనని అందరితోనూ అంటుంది. బుల్లిని చూడగానే ఊలు పక్కన పెట్టి, కాళ్ళు పట్టేశాయి, కాస్త అలా వీధి చివరిదాకా వెళ్ళొస్తానని గొడుగు తీసుకుంది. మీ అక్క ఇవాళ కూడా సరిగ్గా కన్ను తెరవలేదమ్మా అని గుమ్మంలో ఆగి చెప్పి మరీ వెళ్ళింది.

కింద తలుపు మూసుకున్న చప్పుడైంది. బుల్లి మంచం అంచున కూర్చుని అక్క నుదుటి మీద జుట్టు సర్దింది. తెల్లటి దుప్పటి, తెల్లటి గోడ, కిటికీలోంచి పడుతున్న తడి వెలుగు. ఆ వెలుగులో అక్క ముఖం నీటి అడుగున ఉన్నట్టుంది.

"వెళ్ళిపోయిందా ఆవిడ?" అంది అక్క.

బుల్లి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అక్క కళ్ళు తెరిచి ఉన్నాయి. అలవాటైన ఆ మసక చూపు కాదు. ఎప్పటి అక్కో, చున్నీ కోసం తనతో పోట్లాడిన అక్క చూపు.

"అరవకు. కూర్చో. ఆవిడ చిన్ననాటి ప్రేమకథ ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో తెలుసా? ఒక్కోసారి అతను పోస్టుమాన్, ఒక్కోసారి డ్రాయింగు మాస్టారు." అక్క నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "నాకు నిద్ర రావడం లేదే బుల్లీ. రోజులయింది. కళ్ళు మూసుకుంటే లోపలంతా పట్టపగలులా ఉంటోంది."

మందు పనిచేస్తోందన్నమాట. విడదీయాల్సినవాటిని అతికిస్తూ, అక్కను లేపింది. ఇన్నేళ్ళూ జబ్బునే తలకిందులుగా చదివారా? బుల్లికి ఆనందమూ భయమూ ఒక్కసారే కలిగాయి. మరి బావకి ఎందుకు చెప్పలేదని అడిగింది.

మొదటి రోజు చెబుదామనే అనుకుందట అక్క. అందరూ భోజనాల దగ్గర చేరాక ఒక్కసారిగా లేచి నడుచుకుంటూ వెళ్ళి ఆశ్చర్యపరుద్దామని, అప్పటిదాకా కళ్ళు మూసుకుని పడుకుందట. ఆలోపు బావ గదిలోకి వచ్చాడు. ఫోను మోగింది. ప్రయోగశాల డైరెక్టరు.

"ఇదే కుర్చీలో కూర్చుని మాట్లాడాడే. నేను నిద్రలో ఉన్నానని గొంతు కూడా తగ్గించలేదు. 'విడదీయడం లేదు సార్, అతికిస్తోంది. నాకు మొదటి పరీక్షప్పుడే తెలుసు. ఆ గడులు తీసేశాను. అతికించినా లేపుతుందేమో చూస్తున్నాను' అన్నాడు. తర్వాత నీ పేరు వచ్చింది."

"నా పేరా?"

"'మా మరదలికి ఒక్క ప్రోటీనే ఇచ్చాను, అతుకు కనబడదు. ఆ పిల్ల బొమ్మ తీస్తే కమిటీ నోరెత్తదు, ఆ పిల్ల మాట అందరూ నమ్ముతారు' అన్నాడు."

బుల్లికి ఆ బుడ్డి ముందు, ఆ తడి కళ్ళ ముందు నిలబడి తను ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఇవాళే తెలిసింది అన్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అక్క గొంతు ఇంకా తగ్గింది. భయమేసి చెప్పలేదంది. రోజూ పాలు ఇస్తుంటే నిద్రలో ఉన్నట్టే నోరు తెరిచి, కొంత మింగి, కొంత చెంప పక్కన తువ్వాల్లోకి వదిలేస్తున్నానంది. ఇదంతా తన కోసం చేస్తున్నాడో, మందు కోసం చేస్తున్నాడో, ఎంత విన్నా తెలియలేదంది. "రాత్రిళ్ళు నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తాడే. అదీ అబద్ధం కాదు."

ఆగింది. దుప్పటి అంచును వేళ్ళతో మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"నిన్న మళ్ళీ ఫోను. 'ఇంకా లేవడం లేదు సార్, రేపు సాయంత్రం రెట్టింపు ఇచ్చి చూస్తాను' అన్నాడు. నేను పడుకున్నట్టు నటిస్తున్నానే, అందుకే పెంచుతున్నాడు. లేచానని చెప్తే నేను విన్నదంతా తెలిసిపోతుంది. చెప్పకపోతే..."

చెప్పకపోతే ఏమవుతుందో బుల్లికి ఆమెకన్నా బాగా తెలుసు. గొట్టం అడుగున తెల్లటి ముద్ద. ఊపినా కదలనిది.

కింద తలుపు తెరుచుకుంది. మెట్ల మీద అడుగులు, తొందర లేని అడుగులు. అక్క కళ్ళు మూసుకుంది. రెప్పలు వాలడంతోనే ఆ ముఖంలోంచి మనిషి వెళ్ళిపోయినట్టయింది, నటన అని తెలిసిన బుల్లికి కూడా. అడుగులు వంటగదిలోకి వెళ్ళాయి. అక్కడ చాలాసేపు ఉన్నాయి. చెంచా గాజుకు తగులుతున్న చప్పుడు, సన్నగా, ఆగి ఆగి.

బావ గ్లాసుతో గదిలోకి వచ్చాడు. జుట్టు మీద తుంపర మెరుస్తోంది. బుల్లిని చూసి ఆప్యాయంగా తల ఊపాడు. అక్క తల కాస్త ఎత్తి పట్టుకోమన్నాడు.

"మందేమీ కాదులే," అన్నాడు. "వట్టి పాలే."

ఆ సంగతి ఆమె అడగనే లేదు.

గ్లాసులో పాలు తెల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. మందు ఉన్నా లేకపోయినా అంతే తెల్లగా ఉంటాయి. బుల్లి లేచి, ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"పొద్దుటి నుంచి ఏమీ తినలేదు బావా. అక్క ఎలాగూ నిద్రలో ఉంది కదా, ఇవి నేను తాగుతాను. అక్కకి ఇంకో గ్లాసు కలుపుదురుగాని."

గ్లాసు పెదవుల దగ్గరికి తెచ్చింది. గ్లాసు అంచు మీదుగా ఆయన కళ్ళలోకే చూస్తోంది. వద్దంటాడని చూసింది. చెయ్యి చాస్తాడని చూసింది. బావ కదల్లేదు. ఆ ముఖంలో ఏముందో ఆమెకు అర్థం కాలేదు. వట్టి పాలు కాబట్టి నిలబడ్డాడా, కాకపోయినా నిలబడ్డాడా?

పాలు పెదవికి తగిలాయి, గోరువెచ్చగా.

"తాగకే," అంది అక్క, మూసిన కళ్ళు తెరవకుండానే.